కొంప కొల్లేరు

ఒక సరస్సు పేరు తిట్టు అయింది. ఒక తడినేల పేరు అప్పులవాడి నుదుట అంటుకుంది. చిత్తడి నేలలు మన నాలుక మీద ఎలా బతుకుతున్నాయో, నేల మీద ఎలా పోతున్నాయో చెప్పే కథనం ఇది.

కుళాయి కట్టేయడం మరిచిపోయి వీధిలోకి ఆటకు పోయాను. తిరిగొచ్చేసరికి వంటింట్లో చీలమండ లోతు నీళ్లు. పీట తేలుతోంది. చింతపండు డబ్బా తేలుతోంది. చీపురు ఈదుకుంటూ గడప దాకా వచ్చింది. మా అమ్మమ్మ చీరచెంగు బొడ్లో దోపుకుని, కొంప కొల్లేరు చేశావు కదరా అని నెత్తి కొట్టుకుంది. నాకు తన్నులు పడ్డాయో లేదో గుర్తులేదు కానీ మాట మాత్రం ఉండిపోయింది.

అప్పటికి నేను కొల్లేరు చూడలేదు. అది ఊరో, మనిషో, రోగమో కూడా తెలియదు. తర్వాత తర్వాత ఆ మాట నానా చోట్లా వినపడింది. చిట్టీల మనిషి రాత్రికి రాత్రి ఉడాయిస్తే కొంప కొల్లేరు. అన్నదమ్ములు పెరట్లో అడ్డగోడ లేపితే కొంప కొల్లేరు. పత్తి రేటు పడిపోయినా, పెళ్లి పీటల మీద పేచీ వచ్చినా అదే. చుక్క నీరు లేని చోట కూడా కొల్లేరే.

కొంప అనే మాటకు ఒక జాతకం ఉంది. ఇల్లనే దాని అర్థం. కానీ కొత్త కొంపకు గృహప్రవేశం అని శుభలేఖ వేయించినవాణ్ణి ఎవరైనా చూశారా? ముప్పు ముంచుకొచ్చినప్పుడే ఇల్లు కొంపవుతుంది. కొంపలు అంటుకుంటాయి, కొంపలు మునుగుతాయి, ఎవడో వచ్చి కొంప తీస్తాడు. తొందర పడేవాణ్ణి ఆపాలంటే ఇప్పుడేం కొంపలు మునిగిపోలేదులే అంటాం. మునగడం అన్నది మన భయాల్లో అంత పాతది. కొల్లేటి లంకల్లో మట్టిగోడల ఇళ్లున్న కాలంలో, పైనుంచి ఏర్లన్నీ ఒక్కసారి పొంగి వచ్చి పడితే ఇల్లెక్కడ ముగిసిందో సరస్సెక్కడ మొదలైందో తెలిసేది కాదు. కొంప కొల్లేట్లో కలిసిపోయేది. మాట అక్కడి నుంచి బయల్దేరిందనే నా నమ్మకం. బయల్దేరి నీళ్లను అక్కడే వదిలేసి, నష్టాన్ని మాత్రం మూటగట్టుకుని తెలుగునేలంతా తిరిగింది.

ఇదే సరస్సు మీద ఇంకో నుడి ఉంది, కొల్లేటి చాంతాడు. ఎంతకీ తెగని ఉపన్యాసం, ఎంత చదివినా అయిపోని జాబితా, పదేళ్లు నడిచే దావా, అన్నీ కొల్లేటి చాంతాళ్లే. చాంతాడు బావిలోంచి నీళ్లు తోడే తాడు కదా. చాలాచోట్ల మనిషి లోతు కూడా లేని సరస్సుకు చాంతాడుతో పనేమిటి? చెయ్యి వంచితే నీళ్లందే చోట తాడు పేనుకుంటూ కూర్చున్నవాడెవడో గానీ, వాడి పని వృథా పోలేదు, తెలుగు పత్రికలవాళ్లకు పనికొచ్చింది.

పేరులో కూడా ఒక తమాషా ఉంది. దాన్ని సరస్సంటాం. పేరు చివర మాత్రం ఏరుంది. కొల్లేరుకు విభక్తి తగిలితే కొల్లేటి అవుతుంది, ఏరు ఏటి అయినట్టే. అందులోకి వచ్చి పడేవి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు. అందులోంచి సముద్రానికి పోయేది ఉప్పుటేరు. ఏర్లు వచ్చి కాసేపు కూర్చుని, ఊపిరి పీల్చుకుని మళ్లీ లేచి వెళ్లే అరుగు అది. కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ మధ్య పల్లంలో ఉంది. నిండినప్పుడు ఒక కొలత, ఎండినప్పుడు ఒక కొలత. గీత గీసి ఇది నీరు, ఇది నేల అని చెప్పడానికి వీల్లేని చోటు. తగాదా అంతా ఆ గీత దగ్గరే. దాని సంగతికి మళ్లీ వస్తాను.

కలిస్తే తప్పు

తెలుగువాడికి నీళ్లు పవిత్రం. పుష్కరాలకు రైళ్లు చాలవు. మట్టి కూడా పవిత్రమే. పుట్టమన్ను తెచ్చి పెళ్లిపందిట్లో పెడతాం, వినాయకుణ్ణి చేస్తాం. ఆ రెండూ కలిస్తే మాత్రం తిట్టవుతుంది. బురద చల్లుతున్నారంటాం. రొచ్చు రాజకీయాలంటాం. నన్నీ రొంపిలోకి లాగకండి అని చేతులు దులుపుకుంటాం.

ఒక్క తడికి మాత్రం మంచి పేరుంది. గుండెలో తడి ఉన్న మనిషి అంటే మెచ్చుకోలు. కళ్లు చెమ్మగిల్లాయంటే గౌరవం. తడిబట్ట కట్టుకుంటే మడి. ఆ తడికి ఇంత మన్ను తగిలిందా, మైల. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లోనూ ఇదే పద్ధతి. పంకమంటే బురద, పాపం కూడా. పంకిలమంటే చెడినది. పంకంలో పుట్టింది కనుక తామర పంకజమైంది. తామరను మెచ్చుకునేటప్పుడు బురదలో పుట్టినా ఎంత శుభ్రంగా ఉందో చూడమంటారు. ఆ బురదే లేకపోతే తామరకు కాడెక్కడిది, దుంపెక్కడిది? కన్నతల్లిని దాచిపెట్టి కూతుర్ని పొగడటమే ఇది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సామెత. తప్పు చేయడం దేనికి, తర్వాత దిద్దుకోవడం దేనికి అని భావం. ఈ సామెత పుట్టించినవాడెవరో గానీ నాట్లు వేసినవాడు మాత్రం కాదు. వరి పండించేవాడు అడుసు తొక్కాల్సిందే. తొక్కడమే కాదు, పనిగట్టుకుని చేసుకోవాలి. నీళ్లు కట్టి, పొలం దున్ని, మట్టిని మెత్తగా కలిపే ఆ పనికి దమ్ము అని పేరు. దమ్ము బాగా పడితే నీళ్లు కిందికి ఇంకిపోవు, కలుపు అణుగుతుంది, నారు వేరు సులువుగా దిగుతుంది. కుమ్మరి మట్టి తొక్కాలి, ఇటుకల బట్టీలో మట్టి తొక్కాలి. కాలు కడుక్కోవడం వీళ్లకు రోజూ సాయంత్రం చేసే పని. అందులో వాళ్లకు నామోషీ ఎక్కడా కనపడదు. సామెత మాత్రం అరుగు మీద కూర్చున్నవాడి నోట పుట్టి అందరి నోటా పాకింది.

రైతు మాటల్లో తడినేల హోదా వేరు. మాగాణి అంటే ఆస్తి. పల్లం అంటే వరి పండే భూమి, మెట్టకు పైమెట్టు. పెళ్లిసంబంధాల దగ్గర పిల్లాడికి రెండెకరాల మాగాణి ఉందంటే ఆ మాటకు బరువుండేది. తడినేల దున్నితే మాగాణి, దున్నకుండా వదిలేస్తే రొంపి. ఇదీ మన నిఘంటువు.

ఊబి నడుము దాకానే

బురద మాటలన్నిట్లో ఎక్కువ కష్టపడుతున్నది ఊబి. ఏ రోజు పేపరు తీసినా ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. అప్పుల ఊబి, అవినీతి ఊబి, మత్తు ఊబి, ఆన్‌లైన్ బెట్టింగుల ఊబి. ఎంత అలవాటు పడ్డామంటే, ఊబి అనగానే వడ్డీ గుర్తొస్తుంది గానీ నేల గుర్తురాదు. రొంపి గతి ఇంకా కనాకష్టం. పోలీసుల ప్రెస్‌మీట్ వార్తల్లో అమ్మాయిలను రొంపిలోకి దించారని రాసీ రాసీ, ఆ మాట చివరికి దిగబడినవాళ్లకే అంటుకుంది. దించినవాడి కాళ్లు శుభ్రంగానే ఉంటాయి.

అసలు ఊబి ఏం చేస్తుంది? చిన్నప్పుడు సినిమాల్లో చూశాం. విలన్ ఊబిలో పడతాడు. మోకాలు, నడుము, ఛాతీ, గొంతు. చివరికి వేళ్లు నాలుగు కదిలి, ఒక బుడగ వచ్చి, అంతా నిమ్మళం. అది సినిమావాళ్ల ఊబి. నేల మీది ఊబి అలా చేయదు. ఇసుక రేణువుల మధ్య నీళ్లు నిండి, అవి ఒకదాన్నొకటి పట్టీ పట్టకుండా నిలబడి ఉంటాయి. పైనుంచి అడుగు పడగానే ఆ కట్టు విడిపోయి నేల ద్రవంలా జారుతుంది. అక్కడి దాకా సినిమా నిజమే. కానీ ఊబి మనిషి ఒంటికంటే దాదాపు రెండింతలు సాంద్రం. చెక్క నీళ్ల మీద తేలినట్టు మనిషి దాని మీద తేలాల్సిందే. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్తలు 2005లో 'నేచర్' పత్రికలో ఇదే తేల్చి చెప్పారు. మనిషి నడుము దగ్గరికి వచ్చేసరికి దిగబడటం ఆగిపోతుంది.

మరి ప్రమాదమెక్కడుంది? బయటికి రావడంలో ఉంది. ఒకసారి ద్రవమైన ఇసుక కాలి చుట్టూ మళ్లీ సర్దుకుని గట్టిగా బిగుసుకుంటుంది. సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున పాదాన్ని పైకి లాగాలంటే ఒక మోస్తరు కారును ఎత్తేంత బలం కావాలని ఆ లెక్క. గింజుకుంటే ఇంకా బిగుస్తుంది. వెనక్కి వాలి, బరువు పరచుకుని, కాలిని నెమ్మదిగా అటూ ఇటూ ఆడిస్తే నీళ్లు లోపలికి చేరి పట్టు వదులుతుంది. ఊబి దానంతట అది చంపదు. నడుము దాకా పట్టుకుని కూర్చోబెడుతుంది. సముద్రపు పోటు వచ్చి చంపుతుంది, లేకపోతే ఎండ, ఆకలి చంపుతాయి.

మిత్రలాభంలో బంగారు కంకణం చూపించిన ముసలి పులి కథ గుర్తుందా? బాటసారి ఆశపడి స్నానానికి దిగుతాడు, బురదలో దిగబడతాడు. అతన్ని చంపింది బురద కాదు, పులి. దగ్గరికొచ్చి, లేవదీస్తానంటూనే తినేసింది. అప్పుల ఊబి అని రాసేవాళ్లకు ఈ కథ పనికొస్తుంది. కౌలురైతును నడుము దాకా పట్టుకున్నది ఊబే కావచ్చు, గట్టు మీద కంకణం పట్టుకుని నిలబడ్డది వేరే. హెడ్డింగులో ఊబి ఒక్కటే ఉంటుంది. పులి ఊసుండదు.

బీల అంటే బంజరు కాదు

తడినేల పక్కన పుట్టి పెరిగినవాళ్లు దాన్ని ఊబి అనరు, రొంపి అనరు. వాళ్లకు వేరే మాటలున్నాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేట, కంచిలి, కవిటి వైపు వెళితే బీల అంటారు. అదే జిల్లాలో టెక్కలి, సంతబొమ్మాళి వైపు తంపర. కృష్ణా, గోదావరి జిల్లాల సముద్రతీరంలో ఉప్పుదేరిన పల్లపు నేల పర్ర. కాకినాడ దగ్గర కోరంగిలో మడ. మడచెట్లలో నల్లమడ, తెల్లమడ అని పేరుపేరునా తేడా చెప్తారు. తెలంగాణ పల్లెల్లో ఊట ఊరి ఎప్పుడూ పదునుగా ఉండే చెలక జాలు పట్టిందంటారు. ఈ మాటల్లో వేటికీ చెడ్డ అర్థం లేదు. అవినీతి బీల అని ఎవరూ రాయలేదు. అప్పుల తంపర అని ఎవరూ అనలేదు. ఆ నేలను దూరం నుంచి చూసినవాళ్లకు అది ఊబి. అందులో దిగి చేపలు పట్టినవాళ్లకు, తుంగ కోసి చాపలు అల్లినవాళ్లకు, పశువులు తోలినవాళ్లకు బీల.

తేడా మాటల్లోనే ఆగిపోతే ఈ కథనం రాయాల్సిన పని ఉండేది కాదు. సోంపేట బీలలో 2640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టాలనుకున్నారు. 2008లో ప్రభుత్వం భూమి కేటాయించింది. కాగితాల్లో ఆ నేల పనికిరాని నేల, బంజరు. అక్కడివాళ్లకు అది చుట్టుపక్కల ఊళ్ల వరికి నీళ్లిచ్చే చోటు, చేపలు దొరికే చోటు, బావుల్లో ఊట నిలబెట్టే చోటు. ఒకే నేలకు రెండు పేర్లు. ఒక పేరు ఊళ్లో, ఒక పేరు ఫైల్లో.

2010 జూలై 14న పనులు మొదలుపెట్టడానికి వచ్చినప్పుడు జనం అడ్డుపడ్డారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. ఆ రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. కేంద్రంలో కార్యదర్శిగా పనిచేసి విశాఖపట్నంలో స్థిరపడిన ఇ.ఎ.ఎస్. శర్మ లాంటివాళ్లు మొదటి నుంచీ చెప్తూ వచ్చింది ఒక్కటే, అది చిత్తడి నేల, బంజరు కాదు అని. ఒక మాటను ఇంకో మాటతో కొట్టేయడానికి అన్నాళ్లు పట్టింది.

ఏడు నెలలు తిరిగేసరికి, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లా కాకరాపల్లి తంపరలో మరో థర్మల్ కేంద్రం దగ్గర మళ్లీ కాల్పులు జరిగాయి. అక్కడా ఇద్దరు పోయారు. తంపరకు దగ్గర్లోనే తేలినీలాపురం ఉంది. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు పెడతాయి. అవి వస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. అవి ఎగిరి వచ్చేది ఎందుకంటే, కింద తంపర ఉంది కనుక. పక్షులకు రెవెన్యూ రికార్డు చదవడం రాదు.

ప్రభుత్వం వారి చిత్తడి

ఇప్పుడు ఈ నేలలన్నిటికీ కలిపి ఒక పేరుంది. చిత్తడి నేలలు. పాఠ్యపుస్తకాల్లో, అటవీశాఖ బోర్డుల మీద, పత్రికల్లో అదే మాట. ఏటా ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినం. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన ఒప్పందానికి గుర్తుగా చేస్తారు. మన దేశం 1982లో అందులో చేరింది. చిత్తడి మంచి మాటే. తిట్టు కాదు. కాకపోతే వాన వెలిసిన వీధి గుర్తొస్తుంది తప్ప చేప గుర్తురాదు, కొంగ గుర్తురాదు. ఎవరి అమ్మమ్మా ఆ మాట వాడి ఉండదు.

రామ్‌సర్ ఒప్పందం నిర్వచనం చాలా విశాలం. సహజమైనదైనా, మనిషి చేసినదైనా, ఏడాదంతా నీళ్లున్నా, కొన్నాళ్లే ఉన్నా, మంచినీరైనా ఉప్పునీరైనా, చివరికి పాటు సమయంలో ఆరు మీటర్లకు మించని సముద్రపు లోతు కూడా అందులోకి వస్తుంది. మన దేశపు నియమాలు అంత ఉదారంగా లేవు. 2017 నియమాల ప్రకారం వరిపొలాలు, నదీ ప్రవాహాలు, తాగునీటికీ సాగునీటికీ చేపల పెంపకానికీ ఉప్పుకూ ప్రత్యేకంగా కట్టుకున్నవి చిత్తడి నేలలు కావు. సాగుకోసం కట్టిందే చెరువు అనుకునే తెలంగాణలో ఈ మినహాయింపు ఎంత దూరం పోతుందో ఊహించుకోవచ్చు. ఇస్రో ఉపగ్రహ చిత్రాల్లో రెండుంబావు హెక్టార్లకు మించినవి దేశంలో 2,01,503 లెక్క తేలాయి. వాటిని కాపాడమని 2017లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చిత్తడి అన్న మాటకు బడిపిల్లల నిఘంటువులో ఒక అర్థం, గెజిట్‌లో ఒక అర్థం, కోర్టులో ఒక అర్థం.

పెద్ద ఇంటి అమ్మ

మళ్లీ కొల్లేటికి వద్దాం. కైకలూరు, ఆకివీడు వైపు టీకొట్టు దగ్గర కూర్చుంటే ఒక ఇంగ్లిషు మాట ఊరి పెద్ద పేరులా వినపడుతుంది. కాంటూరు. మూడో కాంటూరు, ఐదో కాంటూరు, పదో కాంటూరు. సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున ఆ గీత ఉందో ఆ అంకె. పదో కాంటూరు దాకా నీళ్లు నిండితే కొల్లేరు విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరు దాకా 308. మూడో కాంటూరు దాకా 135. ఇందాక గీత అన్నాను కదా, అది ఇదే. చదువురానివాడు కూడా నిద్రలో లేపి అడిగితే తన చెరువు ఏ కాంటూరులో ఉందో చెప్తాడు. ఎందుకంటే అతని జిరాయితీ పొలం, చేపల చెరువు, అప్పు, కూతురి పెళ్లి అన్నీ ఆ అంకె మీదే ఆధారపడి ఉన్నాయి.

పూర్వం అక్కడివాళ్లు తాటిదోనెల్లో తిరిగారు. మావులు పెట్టి, ఊతలు వేసి కొర్రమీను, జెల్ల, ఇంగిలాయి, మట్టగిడస పట్టారు. నీళ్లు తీసినప్పుడు వరి వేశారు. వచ్చిన ఏడు వచ్చింది, మునిగిన ఏడు మునిగింది. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వుకోమంది. పేదలకు బతుకుతెరువు అన్నది ఉద్దేశం. తర్వాత డబ్బున్నవాళ్లు దిగారు. సొసైటీ ఒకరిదైతే చెరువు ఇంకొకరిదైంది. సరస్సు మధ్యలో గట్లు లేచాయి. శీలావతి, బొచ్చె పెరిగి ఐసు పెట్టెల్లో లారీలెక్కి కోల్‌కతాకూ ఈశాన్య రాష్ట్రాలకూ పోయాయి. డబ్బొచ్చింది, కాదనలేం. నీళ్లకు మాత్రం దారి లేకుండా పోయింది. ఈ మార్పంతా ఒక పిల్లాడి కళ్లతో చూడాలనుకుంటే అక్కినేని కుటుంబరావు నవల 'కొల్లేటి జాడలు' చదవాలి.

1999లో ఐదో కాంటూరు దాకా వన్యప్రాణి అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో యంత్రాలు దింపి గట్లు తెగ్గొట్టారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దంది. ఆ తర్వాతి కథ కొల్లేటి చాంతాడే. గట్లు మళ్లీ లేచాయి, మళ్లీ తెగాయి, మళ్లీ లేచాయి.

నా తీర్పు అడిగితే రెండు పక్షాలకూ నచ్చదు. గట్లు పోవాలి. కానీ ఆ గట్లన్నీ ఒకరివే కావు. వంద ఎకరాల చెరువువాడికీ, లంకలో పుట్టి సొసైటీలో తాత పేరు మాత్రమే మిగిలినవాడికీ ఒకే రోజు ఒకే యంత్రం పంపితే, ఎవరి కొంప కొల్లేరవుతుందో చెప్పనక్కర్లేదు.

కొల్లేటి నడుమ కొల్లేటికోట ఉంది. గజపతుల కాలంలో అక్కడ కోట ఉండేదనీ, చుట్టూ ఉన్న నీళ్లే దానికి కందకమనీ, దాన్ని పట్టుకోవడానికి శత్రువులు నీళ్లను సముద్రంలోకి వదలాలని ఉప్పుటేరు తవ్వారనీ స్థలకథ. నిజమెంతో గానీ, కోటను గెలవాలంటే కొల్లేటిని ఎండగట్టాలన్న ఆలోచన మాత్రం ఎంత పాతదో చూడండి. కోట పోయింది. గుడి ఉంది. గుళ్లో దేవత పేరు పెద్దింట్లమ్మ. ఏటా ఫాల్గుణంలో జాతర. తెలుగునేలంతా ఇల్లు చెడితే కొల్లేరంటుంది. కొల్లేటివాళ్లు తమ నీళ్ల మధ్య నిలబెట్టుకున్న తల్లికి పెట్టుకున్న పేరులో పెద్ద ఇల్లుంది. ఈ సంగతి తెలిసిన రోజున మా అమ్మమ్మ బతికి లేదు. ఉంటే ఏమనేదో.

నీరు పల్లమెరుగు

2024 ఆగస్టు ఆఖరి రోజు, సెప్టెంబరు మొదటి రోజు. మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు ఉప్పొంగింది. గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. విజయవాడలో అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట నీళ్లలో రోజుల తరబడి ఉండిపోయాయి. మొదటి అంతస్తులవాళ్లకు తాళ్లు కట్టి పాలపొట్లాలు అందించారు. బుడమేరు పోయి కలిసేది కొల్లేట్లోనే. మధ్యలో దాని పల్లాల్లో కాలనీలు లేచాయి, కింద దాని సరస్సులో గట్లు లేచాయి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. పట్టా చూసి, లేఅవుటు చూసి, రిజిస్ట్రేషన్ చూసి ఇల్లు కొన్నవాళ్లకు పల్లం సంగతి ఎవరూ చెప్పలేదు. మా అమ్మమ్మ తిట్టు ఆ వారం సింగ్‌నగర్ ఇళ్లలో అక్షరాలా నిజమైంది. పీటలు తేలాయి, డబ్బాలు తేలాయి, ఫ్రిజ్‌లు తేలాయి.

నీళ్లు తీశాక ఇళ్లల్లో ఒండ్రు మిగిలింది. ఫైరింజన్లు తెచ్చి ఇళ్లు కడిగారు. ఆ రోజుల్లోనే సాయంత్రం టీవీ పెడితే వాళ్లు వీళ్ల మీద, వీళ్లు వాళ్ల మీద బురద చల్లుకుంటున్నారని స్క్రోలింగ్. అసలు బురద ఎత్తిపోసుకుంటున్న జనానికి కరెంటు లేక టీవీ చూసే భాగ్యం దక్కలేదు.

మీ ఊళ్లోనూ ఒక పల్లం ఉండే ఉంటుంది. ఇప్పుడు అక్కడ వెంచరు బోర్డుండొచ్చు, కళ్యాణమండపం ఉండొచ్చు, ఇంకా అదృష్టముంటే నీళ్లే ఉండొచ్చు. బీల, తంపర, పర్ర, జాలు, ఇవి నాకు తెలిసిన కొన్నే. మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్లెవరైనా ఉంటే ఆ చోటును వాళ్ల చిన్నప్పుడు ఏమని పిలిచేవాళ్లో అడగండి. ఆ మాట, ఊరి పేరు, మండలం ఒక కార్డు మీద రాసి ఈ అనుబంధం చిరునామాకు పంపండి. వచ్చే ఫిబ్రవరి 2కు దగ్గరి ఆదివారం సంచికలో, వచ్చినవన్నీ ఊరి పేర్లతో సహా వేస్తాం.